గట్టు మీద చిన్నకుక్కతో నడిచేవారికి: చేయవలసినవి - చేయకూడనివి

కోనసీమలో దూరం నడవాలంటే ఉన్నవి ఏటిగట్లూ, కాలవగట్లే. లొల్ల లాకుల దగ్గర చీలే కాలవల వెంట గానీ, వశిష్ఠ గట్టు పట్టుకుని రాజోలు మీదుగా అంతర్వేది వైపు గానీ వారానికో ముక్క చొప్పున నడుస్తూ పోవచ్చు. వెంట పగ్గో పామరేనియనో ఉంటే మాత్రం లెక్క మారుతుంది. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పల్లం, మధ్యలో హారన్ కొట్టుకుంటూ వచ్చే బైకులు. కుక్క ఎప్పుడూ మీ చేతికి అందేంత దూరంలోనే ఉండాలి. మిగతా జాగ్రత్తలన్నీ దాని తర్వాతే.

చేయవలసినవి

• మెడపట్టీ వద్దు, ఛాతీకి తొడిగే హార్నెస్ వేయండి. చిన్నజాతుల గొంతుగొట్టం సున్నితం. కాలవలోకి జారితే హార్నెస్ పట్టుకుని పైకి లాగొచ్చు. మెడపట్టీ పట్టుకు లాగితే ఉరే. తాడు నాలుగడుగులు చాలు. సాగే తాడు ఇంట్లోనే వదిలేయండి.

• తెల్లవారుతూనే బయల్దేరి ఎండ ఎక్కకముందే ముగించండి. కుక్క ఒంటివేడి తగ్గేది ప్రధానంగా వగర్పుతోనే. నాలుక మీది తడి ఆరితేనే వేడి పోతుంది, మన ఉక్కపోతలో అది ఆరదు. సముద్రపు గాలి ఉందిగా అంటారు గానీ, ఆ గాలి మోసుకొచ్చేదే తేమ. పగ్గు, షిట్జు లాంటి చప్పిడిముక్కు కుక్కలకైతే మరీ కష్టం. తారురోడ్డు మీద అరచేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే ఆ రోజుకి నడక మానండి.

• తూలుతున్నా, చిక్కటి చొంగ కారుస్తున్నా వెంటనే నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి. తడితువ్వాలు కప్పి వదిలేయకండి, వేడి లోపలే ఉండిపోతుంది. తర్వాత డాక్టరుకి చూపించాల్సిందే.

• రేబిస్ టీకాతో పాటు లెప్టోస్పైరా టీకా కూడా వేయించండి. ఎలుకల మూత్రం కలిసిన చేలనీళ్లలో ఆ జబ్బు ఉంటుంది, మనుషులకీ అంటుతుంది.

• ప్రతి ఊరి మొదట్లోనూ ఆ ఊరి కుక్కల సరిహద్దు ఉంటుంది. అవి దూరంగా ఉండగానే మీ కుక్కను ఎత్తుకుని నెమ్మదిగా దాటండి. మీదికొచ్చాక ఎత్తితే మీ చేతుల మీదికే ఎగురుతాయి. పరుగు మాత్రం తీయకండి.

• సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే దిగేదాకా చేతుల్లోనే ఉంచుకోండి. పక్కనే బైకుల సైలెన్సర్లు కాలుతుంటాయి.

చేయకూడనివి

• లాకుల దగ్గర నీళ్లు తాగడానికి కిందికి దింపకండి. గేట్ల దగ్గర నీరు లోపలికి లాగుతుంది. కాలవలు కట్టేసిన వేసవిలోనైతే పైన ఎండిన పెచ్చు, కింద ఊబిలాంటి బురద.

• రొయ్యలచెరువు గట్టెక్కనీయకండి. మందులు కలిపిన నీళ్లు, ఏరేటర్ల కరెంటు తీగలు.

• శనివారం వాడపల్లి దారి పట్టకండి. వెంకన్న భక్తుల రద్దీలో మోకాలెత్తు కూడా లేని కుక్క ఎవరికీ కనబడదు.

• ఆత్రేయపురం పూతరేకు ముక్క ముద్దుకి కూడా పెట్టకండి. నెయ్యి, బెల్లం సంగతి అలా ఉంచితే, డ్రైఫ్రూట్ రకాల్లో కిస్మిస్ ఉండొచ్చు. కిస్మిస్, ద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

• గట్టువార గడ్డిలో ముక్కు దూర్చనీయకండి. రక్తపింజరి ఉండేది అక్కడే. కాటేస్తే తాడు బిగించడం, కోయడం, పసరు పోయడం వద్దు. నడిపించకుండా ఎత్తుకుని నేరుగా పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.

• వరదరోజుల్లో గట్టెక్కకండి. లంకలు మునిగితే పాములూ గట్టుకే చేరతాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మొదటిదానికే నడక ఆపేయండి. 1986 ఆగస్టు వరదలో గట్లు తెగిన సంగతి ఇక్కడి పెద్దవాళ్లనడిగితే చెబుతారు.

• మిమ్మల్ని కుక్క కరిస్తే కారం, సున్నం పూయకండి. ధారగా పడే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. గాయం చిన్నదని టీకాల కోర్సు మధ్యలో మానకండి.

సంచార పశువైద్య వాహనానికి టోల్ ఫ్రీ నంబరు 1962. ఆదివారం నడవాలనుకుంటే, దారిలో ఏ ఊరి పశువుల ఆసుపత్రి తెరిచి ఉంటుందో శనివారమే ఫోను చేసి కనుక్కోండి.