ఉప్పు గాలిలో పట్టేసిన స్క్రూ

నందికొట్కూరు

అల్లుడూ,

విశాఖలో తెరచాప పడవలు బాగుచేసే షెడ్డులో పనికి కుదిరావనీ, అల్యూమినియం మాస్టు (తెరచాప స్తంభం) మీది స్టెయిన్‌లెస్ స్క్రూలు ఎంత తిప్పినా కదలడం లేదనీ రాశావు. నందికొట్కూరు మెకానిక్కులకు ఈ బాధ తక్కువ. ఇక్కడి పొడి గాలి వాళ్లను కాపాడుతోంది. గని, శకునాల ఊళ్ల దగ్గర 2017లో వెలసిన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు నీకు తెలిసిందే. సోలార్ ప్యానెల్ చట్రం అల్యూమినియం, దాన్ని బిగించే బోల్టు మామూలుగా స్టెయిన్‌లెస్. సీమ ఎండలో ఆ రెండూ సఖ్యంగానే ఉంటాయి. సముద్రపు ఒడ్డున ఆ జతకే తగవు మొదలవుతుంది.

వేర్వేరు లోహాలు ఒకదాన్నొకటి తాకుతున్న చోట ఉప్పునీరు చేరితే అక్కడ చిన్న బ్యాటరీ తయారవుతుంది. అందులో తరిగిపోయేది అల్యూమినియమే, స్టెయిన్‌లెస్‌కు ఏమీ కాదు. తరిగిన అల్యూమినియం తెల్లని పొడిగా మారి, మునుపటి కంటే ఎక్కువ చోటు కోరుతుంది. స్క్రూ మరల సందుల్లో అది నిండి, గట్టిపడి, నానిన శనగలు డబ్బా మూతను ఎత్తినట్టు అన్ని వైపులా ఒత్తుతుంది. స్క్రూ తల చుట్టూ తెల్లపొడి, పెయింటు మీద పొక్కులు కనిపిస్తే లోపల ఇదే జరుగుతోందని గుర్తు. మెకానిక్కు విరగ్గొట్టాల్సింది ఆ పొడి పట్టును. స్క్రూను విరిస్తే పని రెట్టింపవుతుంది.

ముందు స్క్రూ తలలోని గాడిని సూదిమొన పనిముట్టుతో శుభ్రం చేయాలి. స్టార్ గాడిలో పెయింటు, ఉప్పు పేరుకుని ఉంటే బిట్టు అడుగు దాకా దిగదు. అరిగిన బిట్టు జారి గాడిని తినేస్తుంది. కొత్త బిట్టు ధర ఆ నష్టం ముందు ఎంత? తర్వాత సందుల్లోకి పాకే నూనె వేసి, రాత్రంతా వదిలేయాలి. వీలైతే మర్నాడు తల చుట్టూ మళ్లీ వేయాలి. స్క్రూ రెండో కొస లోపలి నుంచి అందుబాటులో ఉంటే అక్కడా వేయడం మంచిది.

ఆ తర్వాత చేతి ఇంపాక్ట్ డ్రైవర్. సుత్తి దెబ్బ పడినప్పుడు అది బిట్టును గాడిలోకి అదుముతూనే కొద్దిగా తిప్పుతుంది. దెబ్బ అదురుకు పొడి పగులుతుంది, అదిమిన బిట్టు జారదు. మొదట బిగించే వైపు రవ్వంత కదిపి, తర్వాత విప్పే వైపు తిప్పాలి. కదలిక మొదలయ్యాక ఒకేసారి బయటికి లాగకూడదు. పావు చుట్టు బయటికి, కొంచెం వెనక్కి, మళ్లీ నూనె. పల్చటి రేకు మీద స్క్రూ ఉంటే సుత్తిని జాగ్రత్తగా వాడాలి, రేకు సొట్టపోతుంది.

దానికీ లొంగకపోతే వేడి. ఒకే వేడికి అల్యూమినియం స్టెయిన్‌లెస్ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు వ్యాకోచిస్తుంది. పది మిల్లీమీటర్ల స్క్రూ చుట్టూ వంద డిగ్రీలు పెంచితే రంధ్రానికీ స్క్రూకీ మధ్య 0.007 మిల్లీమీటరు తేడా వస్తుంది. చూపుకు ఆనని ఆ తేడా గట్టిపడ్డ పొడిని చీల్చడానికి చాలు. కాచి, చల్లార్చి, మళ్లీ కాచాలి. ఇందుకు హీట్ గన్ వాడాలి, గ్యాస్ మంట వద్దు. మాస్టు అల్యూమినియానికి బలం వేడి ప్రక్రియతో వచ్చింది. రెండు వందల డిగ్రీలు దాటితే ఆ బలం తగ్గడం మొదలవుతుంది, ఆ సంగతి పైకి కనిపించదు. నూనె తడి ఉండగా వేడి పెట్టకూడదు, అది అంటుకుంటుంది.

తల అరిగిపోతే డ్రిల్లే గతి. సరిగ్గా నడిమధ్య పంచ్ కొట్టి, కోబాల్ట్ బిట్టుతో, తక్కువ వేగంతో, గట్టిగా అదిమి, నూనె పోస్తూ తొలవాలి. వేగంగా తిప్పితే స్టెయిన్‌లెస్ అక్కడే గట్టిపడి బిట్టును మొద్దుబారుస్తుంది. ఎడమ చుట్టు బిట్టు దొరికితే తొలుస్తుండగానే స్క్రూ ఊడివచ్చే అవకాశం ఉంది. తొలిచిన రంధ్రంలో దించి స్క్రూను ఊడదీసే ఎక్స్‌ట్రాక్టర్‌ను మాత్రం బలవంతంగా తిప్పకూడదు. గట్టి ఉక్కు కాబట్టి పుటుక్కున విరుగుతుంది, విరిగాక దాన్ని తొలవడం మహా కష్టం. మరలు పాడైతే రంధ్రాన్ని ఒక సైజు పెంచి కొత్త ట్యాప్ వేయాలి, లేదా హెలికాయిల్ అనే తీగచుట్ట మరను దించాలి. కళ్లద్దాలు లేకుండా డ్రిల్లు ముట్టుకోవద్దు.

ఇంత కష్టపడి విప్పిన స్క్రూను అలాగే తిరిగి బిగిస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. బిగించేటప్పుడు నడి సముద్రంలో ఉండేవాళ్లను తలచుకోవాలి. భారత నౌకాదళ తెరచాప నౌక తారిణి 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి, 254 రోజుల్లో భూగోళాన్ని చుట్టి, 2018 మే 21న తిరిగొచ్చింది. నడిపిన ఆరుగురూ మహిళా అధికారులే. వారిలో విశాఖ అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. తిరుగుదారిలో స్టీరింగు చెడి, మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో ఆగాల్సి వచ్చింది. నడి సముద్రంలో షాపు ఉండదు, మేస్త్రీ ఉండడు. ఒడ్డున బిగించిన ప్రతి స్క్రూ అక్కడ పడవలోని మనిషి చేతికి లొంగేలా ఉండాలి.

అందుకే పాత పొడిని బ్రష్షుతో తుడిచి, మరలకు టెఫ్‌జెల్ గానీ డ్యూరాలాక్ గానీ, ఏదో ఒక పేస్టు పూసి, తల కింద నైలాన్ వాషర్ వేసి బిగించాలి. ఉప్పునీటిని లోపలికి రానివ్వకపోవడమే వీటి పని. రాగి పొడి కలిసిన గ్రీజు షెడ్డులో ఉన్నా వాడొద్దు, రాగి అల్యూమినియాన్ని ఇంకా త్వరగా తినేస్తుంది.

అల్లుడూ, మేస్త్రీ తొందరపెట్టినా పేస్టు పూయకుండా ఒక్క స్క్రూ కూడా బిగించకు. ఆ డబ్బా షెడ్డులో లేకపోతే ముందు అది తెప్పించమని అడుగు.

ఆశీస్సులతో,
మామ