డిగ్రీ పిల్లల పరిశోధనకు మన సాయం

మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కింద 180 గంటల్లో ఇంటింటి సర్వే చేసి, నివేదిక రాసి, అధ్యాపకుల ముందు వివరించాలి. చాలామందికి అదే తొలి పరిశోధన.

నర్సీపట్నంలో మా పాత విద్యార్థిని ఒకామె తన నివేదిక పత్రికలో అచ్చు వేయించడానికి సొమ్ము కావాలని వచ్చింది. పంపిన మరునాడే అంగీకరించారట! ఎవరూ చదవలేదన్నమాట. అసలు పరిశోధన పత్రికైతే విషయం తెలిసినవారు చదివి, తప్పులు చెప్పి, దిద్దించి వేస్తారు, నెలలు పడుతుంది. విశాఖలో బడి చదివిన సి.వి.రామన్ వ్యాసం 1906లో, ఆయన ఇంకా విద్యార్థిగా ఉండగానే, ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో వచ్చింది.

దాతలారా, అచ్చు రుసుము అడిగితే ముందు "చదివినవారు ఏమన్నారో చూపించమ్మా" అనండి. ఆ అమ్మాయికి సర్వే కాగితాల జిరాక్సుకూ, విశాఖ సదస్సుకు బస్సు ఛార్జీకీ ఇచ్చాను. అక్కడ రెండు ప్రశ్నలకు జవాబు రాలేదట. "మళ్లీ ఇళ్లకు వెళ్లి అడగాలి మాస్టారూ" అంది.