పాకం పట్టని పోషక ఉండలు: మెట్ట పంటల నుంచి ఇంటి చిరుతిండి వరకు

కార్తిక శుద్ధ చవితినాడు కృష్ణా తీరపు పల్లెల్లో పుట్ట వద్ద నివేదించే చిమ్మిలి, చలిమిడి రెండూ పాకం పట్టకుండా, నూనెలో వేయించకుండా తయారయ్యే తీపి పదార్థాలు. నువ్వులను బెల్లంతో కలిపి రోట్లో దంచితే చిమ్మిలి. తడి బియ్యపు పిండిని బెల్లంతో కలిపితే చలిమిడి. మినుములను వేయించి విసిరిన పిండితో చుట్టే సున్నుండ కూడా ఈ కోవకు చెందినదే. తెలుగువారి వంటింట్లో పొయ్యిపై తీగపాకం, ముదురుపాకం పట్టి చేసే తీపి ఒక తరగతి. నూనెలోనో నేతిలోనో వేయించేది రెండవ తరగతి. దంచి చుట్టేది మూడవ తరగతి. ఇంధనం, సమయం, నైపుణ్యం తక్కువగా కోరేది ఈ మూడవ తరగతి. గింజలోని పీచు, ఖనిజ లవణాలు ఇందులో వృథా కాకుండా మిగులుతాయి.

అయితే దంచి చుట్టిన ప్రతి ఉండా ఆరోగ్యకరమని భావించరాదు. ఉండ నాణ్యత వంటింట్లో కంటె ముందే, చేనులోను, కళ్లంలోను నిర్ణయమవుతుంది. గింజ సరిగా ఆరకపోయినా, బూజు పట్టినా, పురుగుమందు సోకినా ఆ లోపాన్ని వంటింట్లో సరిదిద్దడం సాధ్యం కాదు. తీపి మోతాదు మాత్రం పూర్తిగా ఇంటివారి చేతిలో ఉంటుంది. ఈ రెండు అంశాలను వత్సవాయి ప్రాంతపు మెట్ట వ్యవసాయ పరిస్థితులకు అన్వయించి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాంత నేపథ్యం

వత్సవాయి, జగ్గయ్యపేట, పెనుగంచిప్రోలు, నందిగామ మండలాలు పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట భాగానికి చెందినవి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఇవి ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. ఈ నేలల్లో పత్తి, మిరప ప్రధాన వాణిజ్య పంటలు. కంది, పెసర, మినుము వంటి అపరాలు కూడా పండుతాయి. వాణిజ్య పంటలు విస్తరించిన కొద్దీ ఇంటి తిండికి వేసే నువ్వులు, అపరాల మళ్లు కుదించుకుపోవడం సహజం. పత్తి తీతకు, మిరప కోతకు తెల్లవారకముందే బయలుదేరే తల్లులు పిల్లల చేతికి దుకాణపు బిస్కెట్ పొట్లం ఇవ్వడం పరిపాటి అయింది. మైదా, పంచదార, వనస్పతి కలిసిన ఆ చిరుతిండి ఆకలి తీర్చగలదేగాని, ఎదిగే పిల్లలకు అవసరమైన మాంసకృత్తులను, ఇనుమును, కాల్షియంను తగినంతగా అందించలేదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 సంవత్సరాల స్త్రీలలో దాదాపు 59 శాతం మంది, 6–59 నెలల పిల్లలలో దాదాపు 63 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ఉండలు రక్తహీనతకు చికిత్స కావు. వైద్యులు ఇచ్చే ఐరన్ మాత్రలకు ప్రత్యామ్నాయమూ కావు. రోజూ ఎలాగూ తినే చిరుతిండిని పోషకం లేనిదాని నుంచి పోషకం ఉన్నదానికి మార్చుకోవడమే ఇక్కడ ఆశించే ప్రయోజనం. రాష్ట్రంలో 2020 నుంచి బడి భోజనంలో వేరుశనగ చిక్కీని చేర్చడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. చిక్కీకి పాకం అవసరం. ఉండకు అది కూడా అక్కరలేదు.

గింజలలోని పోషక విలువలు

నువ్వులు: 100 గ్రాముల పొట్టు నువ్వులలో 1,000 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, 9 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఉంటాయి. కాల్షియంలో అధిక భాగం పొట్టులో ఆక్సలేట్ రూపంలో ఉండడం వల్ల శరీరం దానినంతటినీ గ్రహించలేదు. అయినా, పొట్టు తీసిన తెల్ల నువ్వులలో కాల్షియం బాగా తగ్గిపోతుంది కనుక పొట్టుతోనే వాడడం మేలు. నువ్వులలోని సిసామిన్, సిసామోలిన్ అనే సహజ పదార్థాలు నూనె త్వరగా కంపుకొట్టకుండా కాపాడతాయి.

వేరుశనగ: దాదాపు 25 శాతం మాంసకృత్తులు, 40 నుంచి 50 శాతం నూనె ఉంటాయి. నూనెలో ఓలియిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న గిర్నార్-4, గిర్నార్-5 రకాల గింజలతో చేసిన పదార్థాలు సాధారణ రకాలతో చేసినవాటికంటె ఎక్కువ రోజులు రుచి చెడకుండా నిల్వ ఉంటాయి.

మినుములు: 23–24 శాతం మాంసకృత్తులు ఉంటాయి. పచ్చి అపరాలలో జీర్ణక్రియను అడ్డుకొనే ట్రిప్సిన్ నిరోధకాలు ఉంటాయి. వేయించినప్పుడు వీటి ప్రభావం తగ్గుతుంది. కనుక పాకం అక్కరలేదంటే వేడి అసలే అక్కరలేదని అర్థం చేసుకోరాదు. పచ్చి పిండితో ఉండ చుట్టకూడదు.

రాగులు: 100 గ్రాములలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి విసిరిన పిండిలో ఫైటేట్లు తగ్గి ఖనిజాలు మరింత బాగా ఒంటబడతాయి.

బెల్లం విషయంలో అపోహ

బెల్లం వేస్తే ఎంత తిన్నా హాని లేదన్న నమ్మకం వ్యాప్తిలో ఉంది. ఇది సరికాదు. బెల్లంలో అత్యధిక భాగం చక్కెరే. అందులోని ఇనుము, ఇతర ఖనిజాలు పంచదారలో ఉండవన్నది నిజమే కాని, ఒక ఉండలో పడే ఆరేడు గ్రాముల బెల్లం నుంచి లభించే ఇనుము అతి స్వల్పం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల ప్రకారం చక్కెరల నుంచి వచ్చే శక్తి మొత్తం శక్తిలో 10 శాతం మించరాదు. 5 శాతం లోపు ఉంటే మరింత మేలు. రోజుకు 2,000 కిలో కాలరీలు తీసుకొనే వ్యక్తికి 10 శాతం అంటే 50 గ్రాములు, 5 శాతం అంటే 25 గ్రాములు. పిల్లల శక్తి అవసరం తక్కువ కనుక వారి పరిమితి ఇంకా తక్కువ.

వాడుకలో చాలా ఇళ్లలో గింజలు, బెల్లం సమపాళ్లలో తీసుకొంటారు. అప్పుడు 20 గ్రాముల ఉండలో 10 గ్రాములు బెల్లమే. రెండు పాళ్ల గింజలకు ఒక పాలు బెల్లం తీసుకొంటే అది 7 గ్రాములకు లోపే ఉంటుంది. తీపిలో ఈ తేడా క్రమంగా నాలుకకు అలవాటవుతుంది. ఖర్జూరాలు, తేనె కూడా చక్కెరలను ఇచ్చేవే కనుక బెల్లంతోపాటు వాటిని అదనంగా కలపడం వల్ల ప్రయోజనం లేదు. కలపదలచుకొంటే ఆ మేరకు బెల్లం తగ్గించాలి. ఏడాది నిండని శిశువులకు తేనె పెట్టరాదు. మెరిసే లేత పసుపు రంగు కోసం హైడ్రోస్ వంటి రసాయనాలు కలిపిన బెల్లం కంటె ముదురు గోధుమ రంగు బెల్లాన్ని ఎంచుకోవడం మంచిది.

చేనులో, కళ్లంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు మరణించినప్పుడు, వాటి మేతలోని వేరుశనగ పిండిలో పెరిగిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు విషమే కారణమని తేలింది. ఆ విషానికే అఫ్లాటాక్సిన్ అని పేరు. ఇది కాలేయ క్యాన్సర్‌కు కారణమవుతుంది. అఫ్లాటాక్సిన్ విచ్ఛిన్నం కావడానికి సుమారు 240 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన ఉష్ణోగ్రత కావాలి. ఇంటి మూకుడులో గింజ లోపలికి అంత వేడి చేరదు. వేయిస్తే బూజు చస్తుంది, విషం మిగులుతుంది. నూనె తీసి వడగట్టినప్పుడు విషంలో ఎక్కువ భాగం చెక్కలో ఉండిపోతుంది. ఉండలో మాత్రం గింజ మొత్తం కడుపులోకి పోతుంది. అందువల్ల ఉండలకు వాడే వేరుశనగ విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

- వేరుశనగకు కాయ ఊరే చివరి 3–4 వారాలలో నీటి ఎద్దడి రాకుండా చూడాలి. ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే కాయ గట్టిపడుతుంది.
- పీకిన మొక్కలను కాయలు పైకి ఉండేలా తలకిందులుగా పేర్చి ఆరబెట్టాలి. తేమ 8 శాతానికి తగ్గాలి. కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలలాడాలి. గింజను వేళ్ల మధ్య నలిపితే పైపొర సులభంగా ఊడాలి.
- నువ్వులలో తేమ 6 శాతం మించకుండా ఎండబెట్టాలి.
- ముడుచుకొన్న, రంగు మారిన, పగిలిన, మొలక వచ్చిన గింజలను ఏరివేయాలి. ఏరిన తాలును పశువుల దాణాలో కలపరాదు. పాల ద్వారా ఆ విషం మళ్లీ ఇంటికే చేరుతుంది.
- మిరపకాయలు ఆరబోసిన పట్టాలపై తిండిగింజలు ఆరబోయరాదు. మిరపపై వాడిన మందుల అవశేషాలు, తాలుకాయల బూజు గింజలకు అంటుకొనే ప్రమాదం ఉంది.
- విత్తనశుద్ధి చేసిన గింజలను ఎట్టి పరిస్థితుల్లోనూ తినరాదు. మాంకోజెబ్, ఇమిడాక్లోప్రిడ్ పట్టించిన విత్తనం విత్తగా మిగిలితే, కడిగినా, ఎండబెట్టినా, వేయించినా తిండికి పనికిరాదు. దానిని పిల్లలకు అందకుండా, తిండిగింజలకు దూరంగా, వేరే సంచిలో గుర్తు పెట్టి ఉంచాలి.

ఇంటి అవసరానికి ఐదు సెంట్ల నువ్వులు

వారానికి 200 గ్రాముల నువ్వులు వాడే కుటుంబానికి ఏడాదికి సుమారు పదిన్నర కిలోలు కావాలి. ఎకరాకు 300 కిలోల దిగుబడి వస్తుందనుకొంటే సెంటుకు 3 కిలోలు, ఐదు సెంట్లకు 15 కిలోలు. ఎకరాకు రెండున్నర కిలోల విత్తనం చొప్పున ఐదు సెంట్లకు 125 గ్రాములు సరిపోతుంది. గింజ సన్నగా ఉంటుంది కనుక ఇసుకతో కలిపి విత్తితే సమంగా పడుతుంది. నీటి వసతి ఉంటే జనవరిలో వేసవి పంటగా వేసుకోవచ్చు. వెర్రి తెగులు సోకిన మొక్కలను కనబడగానే పీకివేయాలి. ఆకులు రాలి, మూడు వంతుల కాయలు పసుపు రంగుకు తిరిగినప్పుడు కోయాలి. ఆలస్యమైతే కాయ పగిలి గింజ నేలపాలవుతుంది.

ఈ మడిని పత్తి, మిరప చేల గట్టు వెంబడి వేయడం తగదు. ఆ పంటలపై తరచుగా చల్లే మందుల తుంపర గాలికి కొట్టుకువచ్చి నువ్వులపై పడుతుంది. ఇంటి పెరటిలోగాని, అపరాల చేను పక్కనగాని వేసుకోవాలి. రకం ఎంపిక, విత్తే సమయం విషయంలో గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తల సలహా పొందవచ్చు.

తయారీ విధానాలు

1. చిమ్మిలి: పొట్టు నువ్వులు 200 గ్రాములు, బెల్లం 100 గ్రాములు, యాలకుల పొడి చిటికెడు. నువ్వులను కడిగి ఇసుక గాలించి, ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. సన్నని సెగపై చిటపటమనే వరకు వేయించి చల్లార్చాలి. రోట్లో ముందుగా నువ్వులను దంచి, తరువాత తురిమిన బెల్లం చేర్చి మళ్లీ దంచాలి. నువ్వుల నూనెతోనే ఉండ కడుతుంది. నీరుగాని, నెయ్యిగాని అక్కరలేదు. మిక్సీ వాడితే ఆపి ఆపి తిప్పాలి; ఎడతెగకుండా తిప్పితే నూనె బయటపడి ముద్ద జారుతుంది. 20 గ్రాముల చొప్పున 15 ఉండలు వస్తాయి. ఒక్కొక్కటి సుమారు 100 కిలో కాలరీల శక్తినిస్తుంది.

2. వేరుశనగ, రాగి ఉండ: వేరుశనగ గింజలు 150 గ్రాములు, రాగి పిండి 100 గ్రాములు, బెల్లం 80 గ్రాములు, నెయ్యి 20 గ్రాములు. గింజలను దోరగా వేయించి పొర తీసి బరకగా దంచాలి. రాగి పిండిని కమ్మని వాసన వచ్చే వరకు వేరుగా వేయించాలి. చల్లారిన తరువాత బెల్లం తురుముతో కలిపి, కరిగిన నెయ్యి చేర్చి చుట్టాలి. సుమారు 17 ఉండలు వస్తాయి.

3. మినప సున్నుండ: పొట్టు మినుములు 200 గ్రాములు, బెల్లం 100 గ్రాములు, నెయ్యి 60 గ్రాములు. మినుములను సన్నని సెగపై గింజ లోపలి వరకు వేగేలా ఓపికగా వేయించి, చల్లార్చి, మెత్తగా విసరాలి. బెల్లంతో కలిపి జల్లించి, కరిగిన నెయ్యి కొద్దికొద్దిగా పోస్తూ చుట్టాలి. సుమారు 18 ఉండలు వస్తాయి.

నిల్వ, మోతాదు

పాకం పట్టని తీపికి ప్రధాన శత్రువు తేమ. తడి పిండితో చేసే చలిమిడిని ఆ పూటే తినివేయాలి. నీరు తగలని చిమ్మిలి, సున్నుండ వంటివాటిని తడి లేని మూత డబ్బాలో ఉంచి పది రోజుల లోపు వాడుకోవాలి. బెల్లం గాలిలోని తేమను పీల్చుకొంటుంది కనుక వానాకాలంలో తక్కువ మోతాదులో చేసుకోవడం మంచిది. తడి చేతితో డబ్బాలో చేయి పెట్టరాదు. కంపు, చేదు కనిపిస్తే పారవేయాలి. పచ్చికొబ్బరి కలిపితే ఒక్క రోజుకు మించి బయట నిల్వ ఉంచరాదు.

బడి వయసు పిల్లలకు రోజుకు ఒక ఉండ, పొలం పని చేసే పెద్దలకు రెండు ఉండలు చాలు. భోజనానికి బదులుగా కాక, రెండు భోజనాల నడుమ తినాలి. జామకాయ ముక్కో, ఉసిరికాయో తోడుగా తీసుకొంటే అందులోని విటమిన్ సి వల్ల ఇనుము ఎక్కువగా ఒంటబడుతుంది. ఉండ తిన్న వెంటనే టీ తాగితే అది తగ్గుతుంది. ఐదేళ్ల లోపు పిల్లలకు పలుకులు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నందున గింజలను మెత్తని పొడిగా చేసి వాడాలి. వేరుశనగగాని, నువ్వులుగాని పడనివారు వాటికి దూరంగా ఉండాలి. మధుమేహం ఉన్నవారు బెల్లం ఉండలను కూడా తీపిగానే లెక్కించుకొని వైద్యుల సలహా పాటించాలి.

బాగా ఆరిన గింజ, ఏరిన గింజ, మందు సోకని గింజ, సగం పాలు బెల్లం: ఈ నాలుగు నియమాలు పాటిస్తే పాకం పట్టని ఉండ బిస్కెట్ పొట్లానికి దీటైన ప్రత్యామ్నాయం కాగలదు. అమ్మకానికి తీసే పంటలో గింజ నాణ్యతను వ్యాపారి చూస్తాడు. ఇంటికి ఉంచుకొనే గింజను చూసుకోవలసింది రైతు కుటుంబమే. తాలును ఇంటికి ఉంచి, మేలు గింజను బజారుకు పంపే అలవాటును మార్చుకోవడంతోనే ఈ పని మొదలు కావాలి.