విమానయానము – వేషము, నడవడి

అనకాపల్లి జిల్లాలో నర్సీపట్నము రెవెన్యూ డివిజనుకు చెందిన మండల కేంద్రము రావికమతము. ఆ గ్రామమున నివసించు వృద్ధ కృషీవలుడొకడు హైదరాబాదులోనున్న కుమారుని చూచుటకు మొదటిసారి విమానమెక్కబోవుచున్నాడనుకొనుడు. తెల్లని పంచె, భుజముపై కండువా, కాళ్లకు తోలు చెప్పులు ఆయన నిత్యవేషము. ప్రయాణమునకు ముందునాటి రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. "అమ్మా, ఈ పంచెతో నన్ను విమానమెక్కనిత్తురా? ప్యాంటు, బూట్లు కొనవలెనేమో!" అని మనుమరాలినడిగెను. ఆమె నవ్వి, "పంచెకు అడ్డులేదు తాతా! విమానములో నియమములన్నియు నడవడికే" అని బదులు చెప్పెను.

ఆ బాలిక పలికినది చాల వరకు సత్యము. ప్రయాణికుడు ఫలానా వస్త్రమునే ధరింపవలెనని మన దేశపు విమానయాన నియమములు శాసింపవు. పంచె, చీర, లుంగీ, బురఖా, తలపాగా ఇవన్నియు విమానములలో నిత్యము కనుపించు వేషములే. అయితే కొన్ని దేశములలో విమాన సంస్థలు తమ ప్రయాణపు షరతులలో దుస్తులను గూర్చి ఒకటి రెండు మాటలు చేర్చినవి. పాదరక్షలు లేకుండ వచ్చుటను, ఇతరులకు రోత కలిగించు దుస్తులు ధరించుటను అమెరికన్ ఎయిర్‌లైన్స్ అంగీకరింపదు. అదే దేశమునకు చెందిన స్పిరిట్ సంస్థ 2025 జనవరిలో తన షరతులను మరింత విశదపరచి, దేహమును తగినంతగా కప్పనివారిని, అసభ్యమైన బొమ్మలను పచ్చబొట్లుగా పొడిపించుకొన్నవారిని ఎక్కనీయమని ప్రకటించెను.

ఇట్టి షరతులు ఆయా దేశముల ఆచారములను అనుసరించి పుట్టినవి. అమెరికాలో వట్టికాళ్లతో వచ్చుట అమర్యాద. మన దేశములో అయ్యప్ప దీక్ష వహించినవారు నల్లని వస్త్రములు ధరించి పాదరక్షలు విడిచి తిరుగుదురు. అది భక్తికి చిహ్నము. సిక్కులు కృపాణమును మతధర్మముగా ధరింతురు. ఆ ధర్మమును మన్నించుచునే దానికి హద్దు కూడ ఏర్పరచిరి. మొత్తము పొడవు 9 అంగుళములకు, కోతభాగము 6 అంగుళములకు మించని కృపాణమును దేశములోపలి ప్రయాణములలో సిక్కు ప్రయాణికులు ధరింపవచ్చునని 2022 మార్చిలో పౌరవిమానయాన భద్రతా సంస్థ తెలియజేసెను. వేషమును గూర్చిన నియమము దేశమును బట్టి మారును. ప్రాణరక్షణకైన నియమము మాత్రము ఏ దేశమందైనను ఒక్కటే.

ప్రాణరక్షణ దృష్టితో చూచినచో దుస్తులకును కొంత ప్రాధాన్యము కలదు. విమానము సుమారు 35,000 అడుగుల ఎత్తున ఎగురునపుడు వెలుపలి చలి సున్నకు దిగువ 50 డిగ్రీలు దాటుచుండును. లోపల వెచ్చదనము కల్పించినను గాలి పొడిగాను, కొంత చల్లగాను ఉండును. కావున వృద్ధులు ఒక శాలువ వెంట ఉంచుకొనుట మేలు. చాలసేపు కదలక కూర్చున్నచో పాదములు కొద్దిగా వాచును. బిగుతైన చెప్పులు అపుడు బాధించును. నైలాను వంటి వస్త్రములు నిప్పు తగిలినచో కరగి చర్మమునకు అంటుకొనును. నూలు వస్త్రమునకు ఆ గుణము లేదు. ఎత్తు మడమల చెప్పులు ఆపద సమయమున దిగు జారుడుబల్లను చీల్చగలవు గనుక వాటిని విడిచి దూకుడని సిబ్బంది చెప్పుదురు. ఈ లెక్కన మన రైతు నూలు పంచె, కండువా, తోలు చెప్పులు ఎంతయో యోగ్యమైన వేషము!

ఇక నడవడి. బస్సులో ఒకడు అల్లరి చేసినచో కండక్టరు బస్సు నాపించి వానిని త్రోవలో దింపివేయును. ఆకాశములో దింపుటకు తావు లేదు. ఒకని మూర్ఖత్వమునకు ఆ విమానములోని వారందరును లోబడవలసి వచ్చును. అందుచేత విమానము నడుపు కెప్టెనుకు విశేషాధికారములు అవసరమైనవి. 1963 సెప్టెంబరు 14న టోక్యో నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక ఆ అధికారములను స్పష్టపరచెను. విమానమునకు ముప్పు తెచ్చువానిని బంధించుటకును, దిగినచోట అధికారులకు అప్పగించుటకును కెప్టెనుకు హక్కు కలదు. దాని ననుసరించి మన పార్లమెంటు 1975లో ఒక చట్టము చేసెను.

ఈ నియమములకు గొప్పవారు, చిన్నవారు అను భేదము లేదు. ఇందుకు మన రాష్ట్రముననే ఒక నిదర్శనము కలదు. 2017 జూను నెలలో ఒక పార్లమెంటు సభ్యుడు విశాఖపట్నం విమానాశ్రయమునకు ఆలస్యముగా వచ్చెను. పాసు ఇచ్చు గడువు అప్పటికే దాటినది. సిబ్బంది ఆ మాట చెప్పగా ఆయన ఆగ్రహించి అక్కడ అలజడి చేసెనని వార్తలు వెలువడినవి. వెంటనే దేశములోని ప్రధాన విమాన సంస్థలలో పలు సంస్థలు ఆయనను తమ విమానములలో ఎక్కనీయమని ప్రకటించినవి. కొంతకాలము ఆ నిషేధము సాగెను. పదవి ఆయనకు అడ్డుపడలేదు.

ఆ సంవత్సరమే సెప్టెంబరులో పౌరవిమానయాన డైరెక్టరేటు జనరల్ దుష్ప్రవర్తనను మూడు తరగతులుగా విభజించి నియమములు ప్రకటించెను. నోటి దురుసు, అసభ్య సంజ్ఞలు, త్రాగి తూలుట మొదటి తరగతి; దానికి మూడు నెలల వరకు ప్రయాణ నిషేధము. త్రోయుట, కొట్టుట, తన్నుట, అనుచితముగా దేహమును తాకుట రెండవ తరగతి. దానికి ఆరు నెలల వరకు నిషేధము. ప్రాణాపాయము కలిగించుట, విమాన యంత్రభాగములను పాడుచేయుట, పైలట్ల గదిలోనికి చొరబడ యత్నించుట మూడవ తరగతి. దానికి రెండేండ్లకు తక్కువ కాని నిషేధము. నేరము నిర్ణయించు సంఘమునకు పదవీ విరమణ చేసిన జిల్లా న్యాయమూర్తి అధ్యక్షుడు. శిక్ష పొందినవాడు పై సంఘమునకు మొరపెట్టుకొనుటకు వీలు కలదు. న్యాయస్థానములు విధించు శిక్షలు వీటికి వేరు.

కొన్ని నియమములు చూచుటకు చిన్నవి. వాటి వెనుక పెద్ద దుఃఖములు కలవు. 1973 జూలై 11న బ్రెజిల్ దేశపు విమానమొకటి పారిస్ చేరువకు వచ్చుచుండగా దాని మరుగుదొడ్డిలో మంటలు లేచినవి. కాల్చి పారవేసిన సిగరెట్టు అందుకు కారణమై యుండవచ్చునని విచారించినవారు భావించిరి. 134 మందిలో 123 మంది మరణించిరి. 2024 మే 21న లండను నుండి సింగపూరు పోవుచున్న విమానము మయన్మారు మీదుగా సాగుచుండగా గాలి కుదుపునకు లోనై, ఐదు సెకనులలోపల సుమారు 178 అడుగులు దిగెను. సీటుబెల్టు పెట్టుకొననివారు పైకెగిరి క్రిందపడి గాయపడిరి. "కూర్చున్నంతసేపు బెల్టు తీయకుడు" అని పరిచారిక పదే పదే చెప్పుట చాదస్తము కాదు.

నియమపాలనము ఎంత మేలు చేయునో 2024 జనవరి 2న లోకము చూచెను. జపాను రాజధాని టోక్యోలోని హనేదా విమానాశ్రయమున దిగుచున్న పెద్ద విమానము రన్‌వేపై నున్న తీరరక్షక దళపు చిన్న విమానమును ఢీకొని మండసాగెను. చిన్న విమానములోని ఆరుగురిలో ఐదుగురు మరణించిరి. పెద్ద విమానములో 379 మంది ఉండిరి. సంచులు తీయకుడని సిబ్బంది కేకవేసిరి. ప్రయాణికులు ఆ మాట విని, సామానులు విడిచి, జారుడుబల్లల మీదుగా క్రిందికి దిగిరి. తరువాత విమానము బూడిదయ్యెను. అందలి 379 మందిలో ఒక్కరును మరణింపలేదు. ఒక్కడు తన పెట్టెకై దారికడ్డముగా నిలిచినను వెనుకనున్నవారి గతి ఏమగునో ఊహింపుడు.

విమాన పరిచారికలను సేవకులుగా భావించి చిటికెలు వేసి పిలుచుట, దురుసుగా మాటాడుట కొందరికి అలవాటు. భోజనము వడ్డించుట వారి పనిలో ఒక భాగము మాత్రమే. ఆపద వచ్చినపుడు తలుపులు తెరచి ప్రయాణికులను బ్రదికించుట వారి ముఖ్య ధర్మము. అందుకే వారికి శిక్షణ నిత్తురు.

మరునాడు రావికమతపు రైతు తన పంచెతోనే విమానమెక్కెను. సీటుబెల్టు ఎట్లు పెట్టుకొనవలెనో తెలియక పరిచారికను, "అమ్మాయీ, కాస్త చూపింతువా?" అని అడిగెను. ఆమె చూపెను. ఆయన చేతులు జోడించెను. ఆమె జాగ్రత్తలు చెప్పుచున్నంతసేపు పలువురు ఫోనులు చూచుకొనుచుండగా, ఆయన మాత్రము చెవియొగ్గి వినెను. తన ఆసనమునకు తలుపు ఎన్ని వరుసల దూరముననున్నదో వ్రేళ్లతో లెక్కపెట్టుకొనెను. ఆ విమానములో ఆయనకంటె మంచి ప్రయాణికుడు లేడు.