గుజ్జు ల్యాబ్ నుంచి ఎంఎస్సీ బయోకెమిస్ట్రీకి

మామిడి సీజన్ మొదలైతే పూతలపట్టు, బంగారుపాళ్యం చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల్లో బీఎస్సీ చదివిన పిల్లలకు ల్యాబ్‌లో చేతినిండా పని. తోతాపురి లోడ్లు ఆగిపోయాక చాలామందికి ఆ పనీ ఆగిపోతుంది. 'తిరుపతికి పోయి ఎంఎస్సీ బయోకెమిస్ట్రీ చేస్తే?' అన్న ఆలోచన అప్పుడే వస్తుంది. మంచి ఆలోచనే. కాకపోతే దరఖాస్తు పెట్టేముందే ఒకటి తేల్చుకోండి. చదువయ్యాక ఆహార పరీక్షల వైపు వెళ్తారా, ఆసుపత్రి ల్యాబ్‌కా, పరిశోధనకా? సబ్జెక్టు ఒకటే అయినా మూడు చోట్లా అడిగే అర్హతలు వేరు.

ఇప్పటికే గుజ్జు ల్యాబ్‌లో ఉన్నవాళ్లకు ఆహారం వైపు దారి దగ్గర. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు కేంద్ర నిబంధనలు ఒప్పుకునే డిగ్రీల్లో బయోకెమిస్ట్రీ ఉంది. ఫుడ్ అనలిస్ట్ కావాలంటే పీజీ, ఆహార పదార్థాల విశ్లేషణలో కనీసం మూడేళ్ల అనుభవం, ఆపైన అర్హత పరీక్ష. పీజీల జాబితాలోనూ బయోకెమిస్ట్రీ ఉంది. అందుకే ఫ్యాక్టరీ మానేసేటప్పుడు 'క్యూసీ అసిస్టెంట్‌గా పనిచేశారు' అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకోకండి. బ్రిక్స్, ఆమ్లత, పీహెచ్, సూక్ష్మజీవుల లెక్కింపు అంటూ మీరు చేసిన పరీక్షల పేర్లన్నీ, తేదీలతో సహా అనుభవ పత్రంలో రాయించుకోండి. తర్వాత వెళ్లి అడిగితే మేనేజరు మారిపోయి ఉంటాడు.

రోజూ చేసే పనినే చదువుగా మార్చుకోవడం ఎలాగో ఆమ్లత పరీక్షలో చూడండి. పది గ్రాముల గుజ్జు తూచి, నీళ్లు కలిపి, ఫినాఫ్తలీన్ చుక్కలు వేసి, 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేస్తారు. 8.5 మిల్లీలీటర్లు పడితే సిట్రిక్ ఆమ్లంగా 0.54 శాతం. రిజిస్టర్‌లో రాసేసి తర్వాతి శాంపిల్ అందుకుంటారు. ఆ శాతం లెక్కలో గుణించే 64 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మాత్రం చాలామంది తడబడతారు. సిట్రిక్ ఆమ్లం అణుభారం 192, అది వదలగలిగే హైడ్రోజన్లు మూడు, భాగిస్తే 64. గుజ్జు పసుపులో గులాబీ రంగు సరిగా కనబడదు. కాబట్టి నీళ్లు ఎక్కువ కలపాలి, లేదంటే పీహెచ్ మీటర్ 8.1 చూపేదాకా పోయాలి. అసలు ఈ ఆమ్లత కోసం ఇంత పట్టుదల ఎందుకు? పీహెచ్ 4.6 కంటే తక్కువుంటే బొటులిజం తెచ్చే క్రిమి పెరగలేదు. మామిడి గుజ్జును మరిగే నీటి వేడి దరిదాపుల్లోనే శుద్ధి చేసి డబ్బాకెత్తగలుగుతున్నామంటే కారణం అదే. పీహెచ్ ఎక్కువుండే పదార్థాలకైతే 121 డిగ్రీల దాకా వేడి కావాలి. ఇది చెప్పగలిగినవాణ్ని ఇంటర్వ్యూలో ఎవరూ తేలిగ్గా వదులుకోరు.

సీటు సంగతికొస్తే, రాష్ట్ర విశ్వవిద్యాలయాల పీజీ సీట్లకు 2021 నుంచి ఏపీపీజీసెట్ ఉమ్మడి ప్రవేశ పరీక్ష. తిరుపతిలో 1954లో పుట్టిన శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. అమ్మాయిలకైతే 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం కూడా ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్లకు సీయూఈటీ పీజీ రాయాలి. ఎక్కడ చేరినా ల్యాబ్ ఉన్న చోట చేరండి. పుస్తకాలు మాత్రం పంపే కోర్సులో బయోకెమిస్ట్రీ రాదని గట్టిగా చెబుతున్నాను.

ల్యాబ్ విలువ ఏమిటో ఫాస్ఫరస్ ప్రాక్టికల్ చేసిన రోజున తెలుస్తుంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతి అది. మాలిబ్డేట్ వేసి క్షయకరణం చేస్తే ద్రావణం నీలంగా మారుతుంది. ఫాస్ఫరస్ ఎంత ఉంటే నీలం అంత చిక్కన. తెలిసిన గాఢతలతో ఐదు గొట్టాలు పెట్టి, రీడింగులు గ్రాఫ్ మీద గుర్తిస్తే చుక్కలన్నీ ఒకే గీత మీద కూర్చోవాలి. కూర్చోకపోతే ముందు అనుమానించాల్సింది మీ పిపెట్‌నే. ఆ గీత తిన్నగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయండి, మార్కులు వేసేశారని వదిలేయకండి.

ఆసుపత్రి ల్యాబ్ మీద మనసున్నవాళ్లకు ఒక హెచ్చరిక. ప్రభుత్వ ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు సాధారణంగా డీఎంఎల్‌టీ లేదా బీఎస్సీ ఎంఎల్‌టీ, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ అడుగుతారు. ఉత్త ఎంఎస్సీ అక్కడ చాలదు. మెడికల్ కాలేజీల్లో ఉండే ఎంఎస్సీ మెడికల్ బయోకెమిస్ట్రీ వేరే కోర్సు. రెండూ ఒకటేననుకుని చేరి రెండేళ్లు పోగొట్టుకోవద్దు. ఇప్పటికే డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో ఉంటే మాత్రం నాణ్యత నియంత్రణ పని అడిగి మరీ తీసుకోండి. పక్కనే ఉన్న వేలూరు సీఎంసీ క్లినికల్ బయోకెమిస్ట్రీ విభాగం దేశంలోని ల్యాబ్‌లకు శాంపిళ్లు పంపి, వాటి ఫలితాలను పోల్చి చూపే కార్యక్రమం నడుపుతోంది. మీ ల్యాబ్ అందులో ఉంటే ఆ నివేదికలు చదవడం నేర్చుకోండి.

పరిశోధనకైతే సీఎస్ఐఆర్ నెట్. అందులో బయోకెమిస్ట్రీ విడి పేపర్ కాదు, పర్యావరణం, పరిణామం దాకా అన్నీ ఉన్న లైఫ్ సైన్సెస్ పేపర్. ఆ పరీక్షతో వచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్ఎఫ్‌కు వయోపరిమితి ఉంది. కొన్నేళ్లు ఉద్యోగం చేసి వెళ్లేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి.

ఇక రెండో ఏడాది ప్రాజెక్టు. తీసుకున్న రోజే మరిచిపోయే అంశం కాకుండా, మీరు వదిలొచ్చిన ఫ్యాక్టరీకి పనికొచ్చేదే ఎంచుకోండి. గుజ్జు నల్లబడటానికి పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఒక ముఖ్య కారణం. ఎంత వేడికి, ఎన్ని నిమిషాలకు అది చచ్చుబడుతుందో తోతాపురి గుజ్జులో కొలవచ్చు. కావలసింది ఒక వాటర్ బాత్, ఒక స్పెక్ట్రోఫోటోమీటర్, కాటెకాల్. శాంపిళ్ల కోసం పాత మేనేజరుకు సీజన్‌కు ముందే, మార్చిలోనే ఫోన్ చేయండి. లోడ్లు మొదలయ్యాక ఆయనకు మాట్లాడే తీరిక ఉండదు.