జీతగాడు అను మాట

పాఠ్యభాగములు: యెహోషువ 22:10–34, న్యాయాధిపతులు 12:1–6, యోహాను 10:11–15



మాట ఒకటే అయినను, చెప్పువాని నోట ఒక అర్థముతో బయలుదేరి వినువాని హృదయములో మరియొక అర్థముతో దిగుట కలదు. చెప్పినవాడు మంచి మాటే చెప్పితిననుకొనును. విన్నవాడు గాయపడి ఇంటికి పోవును. ఇద్దరిలో ఎవడును అబద్ధమాడలేదు. అయినను సహవాసము తెగిపోవును. ఇట్టిది మన సంఘములలో ఏల జరుగుచున్నదో, దానికి దేవుని వాక్యము చూపు మార్గమేమో ఈ నెల ధ్యానింతము.

ఈ పాఠమును వ్రాయుచున్న నేను గోదావరి తీరమున పుట్టి పెరిగినవాడను. బెజ్జంకి ప్రాంతమునకు వాక్యసేవకై వచ్చిన మొదటి ఏట ఒక ఇంట ప్రార్థనకు పోతిని. ఆ ఇంటి తల్లిని “అమ్మా, నీకు బిడ్డలెంతమంది?” అని అడిగితిని. “బిడ్డలు లేరయ్యగారూ” అని ఆమె చెప్పెను. నేను జాలిపడి, హన్నాకు సమూయేలును దయచేసిన ప్రభువు ఈమెకును సంతానము ననుగ్రహించునట్లు దీర్ఘముగా ప్రార్థించితిని. ఆమేన్ అని కన్నులు తెరచునప్పటికి ఆమె ముగ్గురు కొడుకులు గుమ్మములో నిలుచుండి నవ్వు ఆపుకొనుచుండిరి. ఇచ్చట బిడ్డ యనగా కూతురు. ఆమె సత్యమే చెప్పెను. నేను నా ఊరి చెవులతో వింటిని.

మరియొక ఆదివారము పిల్లలకు 2 తిమోతి 1:5 నేర్పుచుంటిని. అందులో లోయి తిమోతికి అవ్వ యనియు, యునీకే తల్లి యనియు ఉన్నది. ఒక చిన్నవాడు లేచి, “అయ్యగారూ, తిమోతికి ఇద్దరు తల్లులా?” అని అడిగెను. ఆ పిల్లవాని ఇంట అవ్వ అని పిలుచునది కన్నతల్లిని. నాకు అవ్వ యనగా ముసలి నాయనమ్మయో అమ్మమ్మయో. తప్పు పిల్లవానిది కాదు.

మన తెలుగు బైబిలు పుట్టుక తలంచినయెడల ఈ సంగతి తేటపడును. లండను మిషనరీ సంఘమువారైన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అను సేవకులు 1805లో విశాఖపట్టణమునకు వచ్చి, అచ్చట తెలుగు నేర్చి, సువార్తలను తెనిగించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చయినవి. తరువాత ప్రిచ్చెట్ తెనిగించిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసున అచ్చయినది. ఈ పని సముద్రతీరపు పట్టణములలో, ఆనాటి పండితుల తెలుగులో జరిగెను. తెలంగాణ పల్లెలు అప్పుడు నిజాము ఏలుబడిలో ఉండెను. 1948 వరకు ఇచ్చట కచేరీలలోను పెద్ద చదువులలోను ఉర్దూయే నడిచెను. అందుచేత ఆసుపత్రిని దవాఖాన అనిరి. వారమువారము కూడు సంతను అంగడి అనిరి. ఒకే తెలుగు రెండు విధముల బ్రదుకులలో పెరిగెను. మాట యొక్క అర్థము నిఘంటువులో మాత్రమే ఉండదు. దానిని పలుకువాడు పడిన కష్టములోను, తినిన కూటిలోను ఉండును.

ఇంతవరకు చెప్పినవి నవ్వుకొని మరచిపోదగినవి. ఇక చెప్పబోవునది నవ్వదగినది కాదు.

ఒక ఆదివారము నేను యోహాను 10వ అధ్యాయముమీద బోధించితిని. మంచి కాపరికిని జీతగానికిని గల భేదమును చెప్పుచు, “జీతగాడు ఎన్నటికిని జీతగాడే. తోడేలు కనబడగానే పరుగెత్తును. వానికి కూలిమీదనే గాని గొఱ్ఱెలమీద ప్రేమ ఉండదు” అని గట్టిగా పలికితిని. నా మనస్సులో ఉన్నది నెల జీతము కొరకు మనస్సులేని పని చేయు ఉద్యోగి. వెనుక వరుసలో కూర్చుండిన ఒక వృద్ధుడు ఆరాధన ముగియకమునుపే లేచి వెళ్లెను. తరువాత మూడు ఆదివారములు రాలేదు. ఆయనకు గర్వము వచ్చినదని ఒకరనిరి. వేరొక సంఘమువారు ఆయనను లాగుకొనిరని మరియొకరనిరి. నేనును నమ్మితిని.

ఆ దినములలో యెహోషువ 22వ అధ్యాయము నా పఠనములో వచ్చెను. రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువారు యుద్ధము ముగించుకొని యొర్దాను అవతల తమ స్వాస్థ్యమునకు పోవుచు, నది యొద్ద గొప్ప బలిపీఠమొకటి కట్టిరి. ఇవతలి గోత్రములవారు ఆ మాట విని యుద్ధమునకు షిలోహులో కూడిరి. ఎందుకనగా వారు పెయోరు పాపమును మరువలేదు. దాని తెగులుచేత 24,000 మంది చనిపోయిరి. ఆకాను దోషమును, హాయియొద్ద కూలిన 36 మందిని మరువలేదు. ఆ గాయములతో చూచిన కన్నులకు ఆ రాళ్లు తిరుగుబాటుగా కనబడెను. కట్టినవారి భయమైతే వేరు. నది అడ్డముగా ఉన్నది గనుక, రేపు మీ పిల్లలు మా పిల్లలను చూచి యెహోవాతో మీకేమి పాలు అని త్రోసివేయుదురేమో అని వారు భయపడిరి. అది బలుల కొరకు కాదు, సాక్ష్యము కొరకు కట్టిరి. ఒకే రాళ్లకుప్ప: ఒడ్డున ఇవతల ద్రోహము, అవతల భక్తి!

కత్తి దూయకమునుపు వారేమి చేసిరి? యాజకుడైన ఫీనెహాసును, పదిమంది ప్రధానులను నది దాటించి పంపిరి. వీరు మొదట కఠినముగానే మాటలాడిరి. అయినను జవాబు చెప్పనిచ్చిరి. చెప్పినదానిని చివరివరకు వినిరి. విన్న పిమ్మట యుద్ధపు మాటయే లేకపోయెను.

నేను ఆ సాయంకాలమే ఆ వృద్ధుని ఇంటికి పోతిని. “పెద్దయ్యా, నా మాటలో నీకు ఏమి వినబడినది?” అని అడిగితిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత ఇట్లనెను:

“పదేండ్ల పోరన్నప్పుడు దొర ఇంట్ల జీతమున్న అయ్యగారూ. మా అయ్య తెచ్చిన అప్పుకింద నన్ను పెట్టిండు. గొర్ల మందకాడ రాత్రి కావలి. తోడేలు పడ్డనాడు నేను ఉరుకలే. కట్టె పట్టుకొని నిలవడ్డ. గొర్లు నావి కావు, గని కావలి నాది. మీరు జీతగాడు ఉరుకుతడంటే, నా మొకం మీద అన్నట్టయింది.”

సహోదరులారా, నాకు జీతమనగా నెల మొదటి తేదీన చేతికందు రూపాయలు. ఆయనకు జీతమనగా తండ్రి అప్పుకు తాకట్టుపడిన బాల్యము. హైదరాబాదు సంస్థానములో జాగీరులు 1949లో రద్దయినవి. అప్పుకు మనుష్యుని కట్టివేయు పద్ధతిని నిషేధించు చట్టము 1976లో వచ్చెను. చట్టము వచ్చినను ఆ మాటలోని మంట ఆయన గుండెలో ఆరలేదు. నేను ఆయనయెదుట తప్పు ఒప్పుకొంటిని. తరువాత ఇద్దరము ఆ భాగమును కలిసి చదివితిమి. ప్రభువు కూలి తీసికొనువానిని నిందించలేదు. గొఱ్ఱెలను లక్ష్యపెట్టనివానిని నిందించెను. నిలువబడిన ఆ పదేండ్ల బాలుడు పారిపోయినవానివలె కాక, కాపరివలె ఉండెను. ఈ అర్థము నాకు గ్రంథములలో దొరకలేదు. నేను గాయపరచినవాని నోట దొరికెను.

అడుగకపోయినయెడల ఏమగును? న్యాయాధిపతులు 12వ అధ్యాయము చూడుడి. అదే యొర్దాను నది. ఇటు ఎఫ్రాయీమీయులు, అటు గిలాదువారు. ఇచ్చట నది దాటినవానిని, నీ మనస్సులో ఏమున్నదని ఎవరును అడుగలేదు. షిబ్బోలెతు అను ఒక్క మాట పలుకుమనిరి. సిబ్బోలెతు అనినవానిని రేవులయొద్ద చంపిరి. కూలినవారు 42,000 మంది. ఆ మాటకు ధాన్యపు వెన్ను అనియు, నీటి ప్రవాహమనియు అర్థము చెప్పుదురు. ఆకలి తీర్చు మాటను, దాహము తీర్చు మాటను చంపుటకు గురుతుగా చేసికొనిరి.

మనము కత్తి పట్టము. అయినను ఒకని యాసను విని నవ్వుటయు, వాని మాటతీరును బట్టి వానిని తక్కువగా ఎంచుటయు ఆ రేవునందు నిలుచుటయే. 1956లో రెండు ప్రాంతములు ఒక రాష్ట్రమైన తరువాత తెలంగాణవారి మాట మోటని ఎగతాళి చేసినవారు కలరు. సినిమాలలో ఆ యాసను హాస్యగాండ్రకును దుర్మార్గులకును తగిలించిరి. ఆ నొప్పి చాలకాలము నిలిచెను. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడినప్పటినుండి ప్రజల పలుకుబడికొరకు నిలిచిన కాళోజీ నారాయణరావు జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవముగా జరుపుచున్నారు. అట్లే తీరమునుండి వచ్చినవాని మాట విని, వీడు పరాయివాడు అని మూతి త్రిప్పుటయు సంఘమునకు తగదు. రేవు రెండు ఒడ్డులను కలదు.

మన ప్రభువు శిష్యులు సహా ఇట్లే పొరబడిరి. పరిసయ్యుల పులిపిండినిగూర్చి ఆయన హెచ్చరింపగా, దోనెలో ఒక్క రొట్టెయే ఉన్నందున వారు రొట్టెల సంగతి అనుకొనిరి (మార్కు 8). వారి మనస్సునిండ రొట్టెయే ఉండెను, రొట్టెయే వినబడెను. ప్రభువు వారిని గద్దించెను గాని విడిచిపెట్టలేదు. వెనుకటి గంపలెన్ని అని ఒక్కొక్క ప్రశ్న అడిగి వారిని నడిపించెను.

కాబట్టి మన ఇండ్లలోను సంఘములోను దీనిని అభ్యసింతము. ఒక మాట గ్రుచ్చుకొనినప్పుడు, “అతడు నన్ను ఇట్లనెను” అని నలుగురితో చెప్పకమునుపు, “మీరు ఏ అర్థముతో అంటిరి?” అని అతనినే అడుగుడి. మీ మాట విని ఒకడు మౌనముగా వెళ్లిపోయినయెడల, వానికి గర్వమని తీర్పు తీర్చకమునుపు, “నీకేమి వినబడినది?” అని వాని గుమ్మమునకు పోయి అడుగుడి. ఫీనెహాసు నది దాటెను. మనకు వీధి దాటుట కష్టమా?

ఇంటి కూటములలో మాటలాడుకొనుటకు:

1. మీ ఇంట ఒక అర్థముతోను, కోడలి పుట్టినింట లేక అల్లుని ఊర మరియొక అర్థముతోను పలుకు మాటలు ఏవి?

2. యెహోషువ 22లో ఇరుపక్షములవారి భయములు ఏవి? అవి ఎక్కడనుండి వచ్చినవి?

3. ఏ మాటవలననైన మీరు ఒకరిని కలిసికొనుట మానితిరా? ఈ వారము ఎవరి గుమ్మమునకు పోవలెను?

ప్రార్థన: ప్రభువా, మా నోటికి కావలి యుంచుము. మా చెవులకు ఓర్పు నిమ్ము. సహోదరుని మాటలో అతని కష్టమును వినునట్లు మా హృదయములను మెత్తపరచుము. ఆమేన్.