సొంతమా, బాడుగా?

మన గోడపత్రిక కోసం అవ్వ చెప్పిన పొడుపుకథలు లాప్‌టాప్‌లో టైప్ చేసి పెట్టుకున్నాను. పోయిన నెల ఫైలు తెరిస్తే చదవడానికి వచ్చింది గానీ ఒక్క అక్షరం దిద్దనివ్వలేదు. చందా గడువు అయిపోయిందట! "ఇదు సొందమా, వాడగైయా?" అని అమ్మ తమిళంలో అడిగింది. సొంతమా, బాడుగా అని. జవాబు వెతికితే తెలిసింది ఇది.

సాఫ్ట్‌వేర్‌ను మనం కొనం. వాడుకునే అనుమతిని, అంటే లైసెన్సును కొంటాం. మునుపు ఒకసారి డబ్బు కడితే ఆ వెర్షన్ ఎన్నాళ్లైనా వాడుకోవచ్చు. 2011లో మైక్రోసాఫ్ట్ 'ఆఫీస్ 365' తెచ్చింది. అప్పటినుంచి నెలకో, ఏడాదికో కట్టే చందా పద్ధతి పెరిగింది. ఒకేసారి కొనే ఆఫీస్ కూడా ఇంకా ఉంది.

విండోస్ లెక్క వేరు. దాని లైసెన్సు మామూలుగా కొత్త కంప్యూటర్ ధరలోనే కలిసి వస్తుంది. అయినా దానికీ గడువుంది. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కంప్యూటర్ నడుస్తుంది, కానీ ఎప్పటిలా భద్రతా అప్‌డేట్లు రావు.

2010లో మొదలైన లిబ్రెఆఫీస్ ఉచితం. నా ఫైలు అందులో తెరిచి దిద్దుకున్నాను. దాని ఓడీటీ ఫార్మాట్ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. మీ ప్రాజెక్టులు కూడా ఒక కాపీ అందులో దాచుకోండి.

సాఫ్ట్‌వేర్ బాడుగదైతే కానీండి. అవ్వ మాటలు మాత్రం మనవే కదా!